కౌంటర్ కింది పిస్తోలు

మెట్‌కాఫ్‌ల వంటింటి బల్ల మీద ట్వైలా బాస్కమ్ ఒక గోధుమరంగు కాగితం సంచీ పెట్టి, "మీరు మంచిదని చెప్పిందే ఇది," అనడంతో కిందటి వారం ఆగాం.

దారి మధ్యలో కలిసినవారి కోసం రెండు ముక్కలు. హార్లన్ మెట్‌కాఫ్ అమెరికాలోని కెంటకీ కొండల్లో ఒక ఫ్యాక్టరీలో పనిముట్లు తయారుచేసే పనిలో చేరి, అందులోనే రిటైరైన మనిషి. చవక పిస్తోళ్ళలో ఏది నమ్మదగ్గదో, ఏది కాదో కాల్చి చూసి వీడియోల్లో చెబుతాడు. ఖరీదైనవి కొనలేనివాళ్ళకు ఆయన మాటే ఆధారం. కంపెనీలు ఊరికే పంపే పిస్తోళ్ళను ఆయన ముట్టడు. బావమరిది డెల్బర్ట్ కొట్టుకు వెళ్ళి, అందరిలాగే డబ్బిచ్చి కొంటాడు. కెమెరా పట్టేదీ, తీసినదాన్ని కత్తిరించి అతికేదీ ఆయన భార్య రొవీనా. మొన్న వేసవిలో 'కాపర్‌రిడ్జ్' అనే పిస్తోలు చూపించి, "ఈ ధరకి ఇంతకన్నా నమ్మకమైంది లేదు," అన్నాడు హార్లన్. ట్వైలా కొన్నది ఆ మాట విన్నాకే.

సంచీలోని అట్టపెట్టెలోంచి పిస్తోలు బయటికి వచ్చేసరికే, గుళ్ళు నింపే దాని మ్యాగజైన్ తీసేసి ఉంది. లోపల గుండు లేదని కనబడేలా పైభాగం వెనక్కి లాగి నిలిపి ఉంది. అయినా హార్లన్ గొట్టంలోకి చూశాడు, చిటికెనవేలు పెట్టి తడిమాడు. భార్య చేతికిచ్చాడు. రొవీనా కూడా అంతే చేసింది. ఆ ఇంట్లో అది పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు. తుపాకి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారితే, పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ చూసుకోవాల్సిందే.

ట్వైలా ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ముప్పై దాటిన మనిషి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది. కాళ్ళకు చప్పుడు చేయని తెల్లబూట్లున్నాయి. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయించి మందులిచ్చే ఉద్యోగం ఆమెది.

"కూర్చో అమ్మా," అంది రొవీనా. పొయ్యి మీద చిక్కుడుగింజల పులుసు ఉడుకుతోంది. "కాఫీ పోస్తాను."

"వద్దండీ. కూర్చుంటే చెప్పాలనుకున్నది చెప్పకుండా వెళ్ళిపోతాను. నన్ను నేనెరుగుదును."

హార్లన్ బల్ల అవతల నుంచి నెమ్మదిగానే అడిగాడు. "ఇరుక్కుంటోందా?"

"మూడో గుండుకో నాలుగో గుండుకో. ఒక్కోసారి రెండోదానికే."

"మణికట్టు గట్టిగా బిగించి పట్టావా అమ్మాయ్? చెయ్యి వదులైతే ఏ పిస్తోలైనా..."

రొవీనా చేతిలో గరిటె ఆగింది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని ఆమెకు అనిపించేలోపే హార్లన్ అనేశాడు.

"ఈ మాట వస్తుందని తెలుసండీ," అంది ట్వైలా. ఆమె గొంతులో కోపం లేదు. "డెల్బర్ట్ గారూ అదే అన్నారు. ఇంటర్నెట్‌లో అడిగితే ముక్కూమొహం తెలియని మగాళ్ళందరూ అదే అన్నారు. ఒకాయనైతే నాకు గులాబీరంగు పిస్తోలు నప్పుతుందన్నాడు. ముసలి క్లీటస్ గారు తెలుసుగా మీకు? ఆయన్ని మంచంలోంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది ఈ చేతులే."

"క్లీటస్‌నా?" హార్లన్ కనుబొమలు లేచాయి. "వాడు ట్రాక్టరంత ఉంటాడు కదా!"

"ట్రాక్టర్ నయం. తిట్టదు."

హార్లన్ నవ్వాడు కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పిస్తోలును ఇటూ అటూ తిప్పి చూశాడు. "కొత్తది కదా. మొదట కొన్ని పెట్టెల గుళ్ళు కాలిస్తే లోపలి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకుంటాయి. మేమెవ్వరం ఆ మొదటి గుళ్ళని లెక్కలోకి తీసుకోం."

"మీరు తీసుకోరేమో. నేను ఈ చవకది కొన్నదే చేతిలో అంతకన్నా లేక. ఇక సర్దుకోవడానికి పెట్టెలకి పెట్టెలు గుళ్ళు ఎక్కడ తెచ్చేది? నాకున్నవన్నీ ఆ మొదటి గుళ్ళేనండీ."

హార్లన్ పిస్తోలు బల్ల మీద పెట్టేశాడు. ఇన్ని వీడియోల్లో ఎంత తేలిగ్గా దొర్లిపోయిందో 'లెక్కలోకి తీసుకోం' అన్న ఆ మాట, అని రొవీనా అనుకుంది. తనే కత్తిరించి అతికింది. తనకూ తట్టలేదు. చవకది కొనేవాళ్ళ కోసమే ఆ వీడియోలు. సర్దుకునేదాకా కాల్చలేనివాళ్ళూ వాళ్ళే.

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను," అంది ట్వైలా. "మా ఇల్లు లోయ చివర. ఈ నెలలో రెండుసార్లు ఎవరో తలుపు పిడి తిప్పారు. పోలీసు షెరీఫ్‌కి ఫోన్ చేస్తే అతను వచ్చేసరికి నేను టీ పెట్టుకుని తాగి గ్లాసు కూడా కడిగేశాను. అందుకని కొన్నాను. ఇందాక ఇది ఖాళీదని కళ్ళకి కనబడుతున్నా మీరు మళ్ళీ చూశారు, ఆవిడా మళ్ళీ చూశారు. అదే పద్ధతి. మరి కొనేటప్పుడు నేను చూసుకోలేదు. మీరు చూశారు కదా అని ఊరుకున్నాను."

హార్లన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "పద. నీదీ నాదీ రెండూ కాలుద్దాం."

ఇంటి వెనక కొండ వాలును తవ్వి నిలువుగా చేసిన మట్టిగోడ ఉంది. వీడియోలన్నీ తీసేది అక్కడే. ఆకులన్నీ రాలిపోయాయి. దుప్పుల వేటకాలం కావడంతో దూరంగా కొండల్లో ఉండుండి పెద్ద తుపాకి మోత వినిపిస్తోంది. ముగ్గురూ చెవులకు మూతలు పెట్టుకున్నారు.

హార్లన్ ముందు ట్వైలా పిస్తోలు తీసుకున్నాడు. ఒకటి పేలింది, రెండోదీ పేలింది. మూడోదానికి చప్పుడు లేదు. గుండు ముక్కు గొట్టం అంచుకు తగిలి, పైకి ఎక్కలేక అలా నిలబడిపోయింది. తీసేసి మళ్ళీ కాల్చాడు. మళ్ళీ అంతే. గుళ్ళ పెట్టె మార్చాడు. ఈసారి రెండోదానికే ఆగింది. ఆయన మణికట్టుకు ఏ జబ్బూ లేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

తరువాత తన పిస్తోలు ట్వైలాకిచ్చాడు. అదే కంపెనీ, అదే రకం, అదే నలుపు. ఆమె దాన్ని ఖాళీయేనా అని చూసుకుని, గుళ్ళు నింపుకుని, మట్టిగోడకు ఆనించిన అట్టముక్క వైపు గురిపెట్టింది. మ్యాగజైన్ మొత్తం గడగడా అయిపోయింది. ఇంకొకటి నింపిచ్చాడు. అదీ అయిపోయింది. అట్టముక్క మధ్యలో చిల్లులన్నీ ఒకచోట గుంపుగా పడ్డాయి.

"నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అంది ట్వైలా చెవిమూతలు తీస్తూ.

"నీ చెయ్యి బాగుందమ్మా. తప్పుగా అన్నాను."

ఈ మాట ఆయన అంత తొందరగా అంటాడని రొవీనా అనుకోలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో పెట్రోలు అయిపోయిందని ఒప్పుకోవడానికే ఆయన రెండు మైళ్ళు తీసుకునేవాడు.

ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద తువ్వాలు పరిచి, హార్లన్ రెండు పిస్తోళ్ళూ విప్పాడు. గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టాడు. మ్యాగజైన్‌లోంచి లేచిన గుండు గొట్టంలోకి జారాలంటే మధ్యలో చిన్న వాలు ఒకటి ఎక్కాలి. ట్వైలా దానిలో ఆ వాలు మీద యంత్రం గీసిన గీతలు కళ్ళకే కనబడుతున్నాయి. హార్లన్ దానిలో ఆ వాలు అద్దంలా మెరుస్తూ, అందులో ఆకాశం కనబడుతోంది.

"రొవీనా, నా కళ్ళజోడు."

తెచ్చి ఇచ్చింది. ఆయన గోటితో ఆ నునుపు మీద గీశాడు. వెలుగుకు వంచి చూశాడు. వాలు అంచుల్ని చూశాడు. అలాంటి పనిలో ఆయన జీవితమంతా గడిచింది. చూసినది తెలియడానికి ఆయనకు అంతసేపు అక్కర్లేదని రొవీనాకు తెలుసు. తెలిసినదాన్ని మింగడానికే ఆ ఆలస్యం.

"ఇది ఫ్యాక్టరీలో వరసలో వచ్చిన పని కాదు. చేతిపని. ఎవరో కూర్చుని, మెత్తటి రాయితో రుద్ది, తరువాత గుడ్డతో మెరుగుపెట్టారు. అంచులు కూడా గుండ్రం చేశారు. మంచి పనివాడే."

"మీరేనా?" అంది ట్వైలా.

"నేనైతే వీడియోలో చెప్పేవాణ్ణి. చెప్పుకోదగ్గ పని ఇది."

హార్లన్ ట్వైలా గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు ఆడించాడు. ఆయన ముఖంలో తేటదనం రావడం రొవీనా గమనించింది. చేతులకు పని దొరికినప్పుడు వచ్చే తేటదనం అది.

"ఒక్క అరగంట ఇవ్వు అమ్మాయ్. నీదీ ఇలాగే చేసిస్తాను. పైసా అక్కర్లేదు. ఇక ఇరుక్కోదు."

ట్వైలా భుజాలు సడలాయి. పాపం, ఆమెకు కావలసింది అదే. చెయ్యి చాచబోయింది కూడా.

రొవీనా ఆ గొట్టం మీద తువ్వాలు అంచు మడిచి కప్పేసింది.

"ఇప్పుడు కాదు."

"అదేంటి?"

"దీన్ని బాగుచేస్తే ఈ అమ్మాయి ఒక్కదానికే బాగవుతుంది. మిగతావాళ్ళ సంగతి? పైగా బాగుచేశాక ఇదెలా ఉండేదో నువ్వు ఎవరికి చూపిస్తావు? అప్పటిదాకా ఈమెకి మన పాత రివాల్వర్ ఇచ్చిపంపు. అది మీ నాన్న కాలం నుంచీ ఒక్కసారీ మొరాయించలేదు."

హార్లన్ తువ్వాలు వైపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత తల ఊపాడు. "అయితే నాదానికి మెరుగెవరు పెట్టినట్టు? నేను పెట్టె విప్పింది ఇంటికొచ్చాక. కొట్టులోంచి తిన్నగా ఇంటికొచ్చాను."

రొవీనాకు జవాబు తెలుసు. తెలుసని ఆ క్షణమే తెలిసింది. ఆ రోజు ఆమె కూడా కొట్టులో ఉంది. అద్దాల బీరువాలో కాపర్‌రిడ్జ్ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. డెల్బర్ట్ వాటిలోంచి తీయలేదు. కౌంటర్ కిందకు వంగి ఒకటి పైకి తెచ్చాడు. "నీ కోసం తీసిపెట్టాను బావా," అన్నాడు. తమ్ముడికి బావ మీద ఎంత ప్రేమో అని ఆమె ఆ రోజు మురిసిపోయింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డెల్బర్ట్ ఆమెకు పాలబుగ్గల నాటి నుంచీ తమ్ముడు. ఆమె తువ్వాలు చివర్లు సరిచేసింది. కాలితో నేల మీది ఎండుటాకు ఒకటి పక్కకు జరిపింది.

"డెల్బర్ట్ దాన్ని బీరువాలోంచి తీయలేదు హార్లన్," అంది. "కౌంటర్ కింద నుంచి తీశాడు."

వస్తున్నామని తమ్ముడికి ఫోన్ చేసి రొవీనా కూడా బయలుదేరింది. డెల్బర్ట్ నడిపే స్కాగ్స్ కొట్టులో ఒక పక్క తుపాకులు, ఇంకో పక్క గాలాలు, ఎరలు. రొవీనా తండ్రి పెట్టిన కొట్టు. వాళ్ళు వెళ్ళేసరికి నారింజరంగు టోపీల వేటగాళ్ళు ఇద్దరు గుళ్ళు కొంటున్నారు. వాళ్ళలో పెద్దాయన హార్లన్‌ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మా కోడలికి మీరు చెప్పిందే కొన్నానండీ! కాపర్‌రిడ్జ్!"

"ఇరుక్కుంటోందా?" అన్నాడు హార్లన్.

"ఏమో, పెట్టెలోనే ఉంది. మీరు చూశారు కదా, ఇంక మేం చూడ్డమెందుకు?"

ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. ట్వైలా తలుపు దగ్గరే ఎరల డబ్బాల పక్కన నిలబడిపోయింది. అక్కాతమ్ముళ్ళ గొడవ మధ్యకు రావడం ఆమెకు ఇష్టం లేదు. కానీ వెళ్ళిపోవడమూ ఇష్టం లేదు.

హార్లన్ రెండు గొట్టాలూ కౌంటర్ మీది రబ్బరు చాప మీద పెట్టాడు. డెల్బర్ట్ చూశాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. నమలడం ఆగింది.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఇవే చెప్పాయి."

డెల్బర్ట్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అబద్ధం ఆడను బావా. కంపెనీల సరుకు కొట్లకి తెచ్చి వేసే మనిషి ఒకటి విడిగా తెచ్చి, మెట్‌కాఫ్ గారు వస్తే ఇది ఇవ్వండి అన్నాడు. ఇందులో తప్పేముంది? అదే పిస్తోలు. కొంచెం శ్రద్ధగా చేశారంతే. ఫొటో తీయించుకునేటప్పుడు మనం తల దువ్వుకోమా?"

"దువ్వుకుంటాం," అంది రొవీనా. "ఇంకొకళ్ళ తల పెట్టుకుని కూర్చోం."

"నువ్వు ఊరుకో అక్కా."

"ఊరుకోవడానికి రాలేదురా."

హార్లన్ గొంతు పెంచలేదు. ఫ్యాక్టరీలో చెవులు చిల్లులు పడే మోతల మధ్య పనిచేసినవాడు, మెల్లగా మాట్లాడితేనే అవతలివాడు వింటాడని నేర్చుకున్నాడు. "డెల్, ఇదొక్కటేనా?"

డెల్బర్ట్ గాలాల వైపు చూశాడు.

"ఇదొక్కటేనా అని అడుగుతున్నాను."

"నువ్వు బాగాలేవని తిట్టినవి ఉన్నాయి చూశావూ, అవన్నీ నిజంగా బీరువాలోవే. ఒట్టు."

ఆ మాటలో ఉన్నది ముగ్గురికీ ఒకేసారి అర్థం కాలేదు. ముందు ట్వైలాకు అర్థమైంది. ఆమె చిన్నగా "అయ్యో" అంది. తరువాత రొవీనాకు. హార్లన్‌కు అందరికన్నా ఆలస్యంగా. ఆయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు. పొగిడినవన్నీ ఆయన కోసం దువ్వి తెచ్చినవి. తిట్టినవి, ఎవరూ దువ్వనివి. ఏ కంపెనీ సరుకు మంచిదో చెబుతున్నానని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. చెప్పిందల్లా ఏ కంపెనీ మనిషి ముందుగా వచ్చి వెళ్ళాడో.

"అన్నీనా?" అన్నాడు.

"అన్నీ కాదు. చాలా."

"నేను చేత్తో డబ్బిచ్చి కొన్నాను డెల్. ఇక్కడ నిలబడి, నీ చేతికిచ్చి. 'నేను కొట్టులో కొంటాను, మీలాగే,' అని ప్రతిసారీ చెప్పాను."

"నువ్వు కొట్టులోనే కొన్నావు బావా. అది అబద్ధం కాదుగా."

రొవీనా తమ్ముడి ముఖంలోకి చూసింది. వాడు అన్యాయం చేశానని అనుకోవడం లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. చిన్నప్పుడు కేకు మీది తీపి నాకేసి, "కేకు ముట్టుకోలేదు," అనేవాడు. అప్పుడూ ఇదే ముఖం.

హార్లన్ టోపీ సర్దుకున్నాడు. "ఇప్పుడు నేను చేసేది ఒక్కటే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. నాది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. నేను చెప్పినవేవీ నమ్మొద్దంటాను."

"కొట్టు పేరు చెబుతావా?"

"నేను ఎక్కడ కొంటానో అందరికీ తెలుసు. చెప్పకపోయినా చెప్పినట్టే."

డెల్బర్ట్ ఆయన్ని వదిలేసి అక్క వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, నువ్వు చెప్పు. ఆయన మాట మీదే ఇక్కడికి జనం వస్తున్నారు. అది పోతే వారం తిరక్కుండా ఈ తలుపుకి తాళం పడుతుంది. నాన్న పెట్టిన కొట్టు. ఇందులో సగం నీ పేర ఉంది. ఇది నా నెత్తి మీదే పడదు."

హార్లన్ భార్య వైపు చూడలేదు. కావాలనే గాలాల వైపు తిరిగి నిలబడ్డాడు. వద్దంటే ఆయన ఆగిపోతాడని ఆమెకు తెలుసు. ఆ తరువాత ఇంకెప్పుడూ కెమెరా ముందు నిలబడడని కూడా తెలుసు. ఒక చేత తమ్ముడి అన్నం, ఇంకో చేత ఆయన మాట. తండ్రి ఈ కౌంటర్ వెనక నిలబడి, కొనడానికి వచ్చినవాళ్ళను, "ఇది నీకొద్దు నాయనా, ఇంకొంచెం కూడబెట్టుకుని రా," అని వెనక్కి పంపిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. కొట్టు అప్పుడూ గొప్పగా నడవలేదు. కానీ నడిచింది.

"నా సగం సంగతి నేను చూసుకుంటాను," అంది. "అమ్మిన ప్రతిదీ వెనక్కి తీసుకోవాల్సి వస్తే నా సగంలోంచే ముందు తియ్యి. కానీ ఇదంతా నీ ఒక్కడి మీద పడితే ఊరుకోను డెల్బర్ట్. దువ్వి తెచ్చినవాడు హాయిగా తిరుగుతాడు, కౌంటర్ కింద దాచినవాడివి నువ్వు తిట్లు తింటావా? ఆ మనిషెవరో, ఎక్కడుంటాడో చెప్పు. ఇవాళే వెళదాం."

డెల్బర్ట్ తల వంచుకున్నాడు.

"వెళ్ళక్కర్లేదు. మీరు వస్తున్నారని నువ్వు ఫోన్ చేశావుగా. నీ గొంతు వింటేనే అర్థమైంది. నేను వెంటనే ఆయనకి ఫోన్ చేసి, బావ వస్తున్నాడని మాత్రం చెప్పాను. దగ్గర్లోనే ఉన్నానన్నాడు."

బయట కంకర మీద కారు చక్రాలు ఆగిన చప్పుడైంది. అద్దంలోంచి చూస్తే బూడిదరంగు కారు. అందులోంచి చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న సన్నటి మనిషి దిగాడు. వెనకసీటు తలుపు తీసి ఒక కొత్త పిస్తోలు పెట్టె చంకలో పెట్టుకున్నాడు. తలుపు దగ్గరకొచ్చేసరికి అక్కడ నిలబడ్డ ట్వైలాను, ఆమె చేతిలోని కాగితం సంచీలోంచి తొంగిచూస్తున్న కాపర్‌రిడ్జ్ అట్టపెట్టెను చూసి ముఖమంతా నవ్వు పులుముకున్నాడు.

"మీరూ మెట్‌కాఫ్ గారి మాట విని కొన్నవారేనా అమ్మా? మంచిపని చేశారు. ఆయన చెబితే ఇంక చూసుకోనక్కర్లేదు."

ట్వైలా ఒక్క క్షణం ఆయన చంకలోని పెట్టెను చూసింది. తరువాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"అవునండీ. లోపలికి రండి. మీ గురించే మాట్లాడుకుంటున్నాం."

ఆయన లోపలికి వచ్చాడు. కౌంటర్ మీది రెండు గొట్టాలు ఇంకా ఆయన కంట పడలేదు. ట్వైలా ఆయన వెనక తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.